ఆనెగొందిలోనే ఉండి చూడాలని ఉంది, హంపి సైడ్ కాదు – వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

అవతలి_ఒడ్డు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. డిసెంబర్‌లో అమ్మానాన్నల్నీ మా పాపనీ (నాలుగో క్లాసు) తీసుకుని ఆనెగొంది (హంపికి తుంగభద్ర అవతలి ఒడ్డున ఉన్న ఊరు) వెళ్దామనుకుంటున్నాం. హంపి ఇంతకుముందే చూశాం, విరూపాక్ష గుడి, రాతిరథం, లోటస్ మహల్, ఏనుగుల సాలలు అన్నీ అయ్యాయి, కానీ తళారిఘాట్ రేవు దగ్గర నిలబడి అవతల ఆ కొండలూ వరి మడులూ చూసి వెనక్కి వచ్చేశాం, అప్పట్నుంచీ మనసంతా అటే ఉంది. ట్రావెల్స్ వాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే మాట, ఆనెగొందికి ఒక పూట చాలు సార్, అంజనాద్రి ఎక్కి పంపా సరోవరం చూసి సణాపురలో పుట్టి (గుండ్రటి బుట్టపడవ) ఎక్కి వచ్చేయొచ్చు అని. నాకైతే అలా వెళ్ళాలని లేదు, విజయనగరం కంటే ముందు నుంచీ ఉన్న ఊరు, జనం ఇంకా కాపురాలు చేస్తున్న ఊరు, అక్కడే రూమ్ తీసుకుని నెమ్మదిగా తిరగాలని ఉంది.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఊళ్ళో నిజంగా చూడాల్సినవి ఏంటి, హైదరాబాద్ నుంచి కారులో ఎటు నుంచి వస్తే మంచిది, అమ్మకి నవబృందావనం చూడాలని ఎప్పట్నుంచో కోరిక (రాఘవేంద్ర స్వామి భక్తురాలు), నాన్నకి మోకాళ్ళ నొప్పి కాబట్టి అంజనాద్రి మెట్లు ఎలా ఉంటాయో తెలియాలి, ఇంకా హిరేబెణకల్ అని ఆదిమానవుల సమాధులు ఉన్నాయట కదా, పాపతో అక్కడికి వెళ్ళగలమా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి, ఎంత పెద్దగా రాసినా చదువుతా.

---

క్యాంపు_రైతుబిడ్డ

మాది గంగావతి పక్కన క్యాంపేనండి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, తుంగభద్ర డ్యామ్ కట్టి ఎడమ కాలువకి నీళ్ళొదిలాక కోస్తా జిల్లాల నుంచి బోలెడు మంది రైతులు ఇటొచ్చి భూములు కొనుక్కుని వరి వేశారు, వాళ్ళు దిగిన చోట్లే ఈ క్యాంపులు. శ్రీరామనగర్, కారటగి, సింధనూరు ఎటెళ్ళినా తెలుగు వినబడుద్ది, అందుకని భాష గురించి మీ అమ్మానాన్నలకి బెంగ అక్కర్లేదు. ఆనెగొంది ఊళ్ళో మాత్రం కన్నడమే, అయినా తెలుగు అర్థం చేసుకునేవాళ్ళు తగుల్తారు.

దారి సంగతి ముందు. మహబూబ్‌నగర్, రాయచూరు, సింధనూరు, గంగావతి మీదుగా వచ్చేయండి. ఆనెగొంది తుంగభద్రకి ఉత్తరపు ఒడ్డున ఉంది కాబట్టి ఇటు నుంచి వస్తే ఆ నది దాటే పనే లేదు, చాలామంది మ్యాప్‌లో హంపి అని కొట్టి హోస్పేట దాకా పోయి మళ్ళీ చుట్టూ తిరిగొస్తారు. హంపి సైడ్ కూడా ఒకసారి వెళ్ళాలనుకుంటే కడెబాగిలు – బుక్కసాగర బ్రిడ్జి ఉంది. తళారిఘాట్ దగ్గర ఊరికి నేరుగా కడుతున్న బ్రిడ్జి 2009లో పని జరుగుతుండగానే కూలిపోయింది, పనివాళ్ళు చనిపోయారు, ఆ తర్వాత అక్కడ పడవలే గతి. రైల్లో వచ్చేవాళ్ళయితే హోస్పేట దిగాలి, గుంటూరు నంద్యాల గుంతకల్లు మీదుగా హుబ్బళ్ళి వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుద్ది.

ఇక ఊరు. పూట చాలు అన్నవాళ్ళు ఊరి పక్కన రోడ్డు చూశారండి, ఊరు చూళ్ళేదు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు నడవండి, బండి తీయొద్దు. నడిబొడ్డున గగన్ మహల్, దాని దగ్గర్లోనే రంగనాథ స్వామి గుడి, ఆ చుట్టూ సందుల్లో పాత ఇళ్ళు, అరుగులు, గుమ్మాల ముందు ముగ్గులు. ఎవరింటి గోడలో చూసినా పాత మండపం స్తంభమో చెక్కిన రాయో కనబడుద్ది. అక్కణ్ణుంచి నది వైపు దిగితే హుచ్చప్పయ్య మఠం అని చిన్నది ఉంటది, బయట నుంచి చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, లోపల నల్లరాతి స్తంభాలు నున్నగా తిప్పి చేసినవి, పైన పాత రంగు బొమ్మల ఆనవాళ్ళు. నా లెక్కలో ఊరు మొత్తానికి అదే మంచి చోటు, అక్కడ తొందరపడొద్దు. నది ఒడ్డునే చింతామణి మఠం, వాలిని కొట్టడానికి రాముడు బాణం వేసింది అక్కణ్ణుంచే అని ఇక్కడోళ్ళు చూపిస్తారు. నీళ్ళు తగ్గినప్పుడు నదిలో 64 కాళ్ళ మండపం ఉంటది, కృష్ణదేవరాయల సమాధి అని ఊళ్ళో అందరూ అంటారు. 1529లో పోయిన ఆ రాయల పేరు చెప్పుకోని తెలుగు ఇల్లు ఉండదు కదా, ఆ మండపం దగ్గర బోర్డు కూడా సరిగ్గా లేకుండా ఉండటం నాకు ఎప్పుడూ బాధే.

1336లో అవతల విజయనగరం మొదలెట్టకముందు, కంపిలి రాజుల కాలంలోనే ఈ ఒడ్డున కోట ఉంది. 1565లో రాక్షసితంగడి యుద్ధం తర్వాత అవతల అంత పెద్ద నగరం పాడుబడింది, ఇటు మాత్రం జనం ఉండిపోయారు. ఊరి బయట దుర్గమ్మ కొండ మీదికి వెళ్ళే దారిలో కోట గోడలూ వాకిలీ ఇంకా గట్టిగానే ఉన్నాయి, ఆ దారి నాన్నగారు కూడా నెమ్మదిగా నడవగలరు.

ఉండటానికి హోమ్‌స్టేలు ఉన్నాయి. 1997 నుంచి కిష్కింద ట్రస్ట్ వాళ్ళు ఊళ్ళో పని చేస్తున్నారు, పాత ఇళ్ళు పడగొట్టకుండా బాగు చేయించడం, ఆడవాళ్ళకి అరటినారతో బుట్టలూ చాపలూ నేర్పించడం. ఆ అరటినార పని పాపకి తప్పకుండా చూపించండి. డిసెంబర్ సీజన్ కాబట్టి రూమ్ ముందే మాట్లాడుకోండి.

---

ఆదోని_వదిన

నవబృందావనం గురించి అడిగినారు కదా, ఆ సంగతి నేను చెప్తాను, మేము మాధ్వులమే, మంత్రాలయం మాకు దగ్గర.

ముందు మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి, సంతోషపడతారు. రాఘవేంద్ర స్వాముల గురువులు సుధీంద్ర తీర్థుల బృందావనం (అంటే సమాధి) అక్కడే ఉండాది. మంత్రాలయం కూడా ఇదే తుంగభద్ర ఒడ్డున, కింది వైపు. గురువుగారు పైన, శిష్యులు కింద, ఒకే నీళ్ళు. రెండూ ఒకే ప్రయాణంలో చూసుకోవాలని మా ఇళ్ళల్లో పెద్దోళ్ళు అంటుంటారు, మీరు రాయచూరు మీద నుంచే వస్తా ఉన్నారు కాబట్టి తిరుగు ప్రయాణంలో మంత్రాలయం పెట్టుకోవచ్చు.

నది మధ్యలో దిబ్బ మీద తొమ్మిది మంది యతుల బృందావనాలు. పద్మనాభ తీర్థులు సాక్షాత్తూ మధ్వాచార్యుల శిష్యులు. మధ్యలో ఉన్నది వ్యాసరాజులది, కృష్ణదేవరాయలు గురువుగా కొలిచిన స్వామి, 1539లో బృందావనస్థులైనారు. 2019 జులైలో ఎవరో దుర్మార్గులు నిధి ఉందని రాత్రిపూట ఆ బృందావనాన్నే పగలగొట్టినారు. వార్త విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఎక్కడెక్కడి నుంచో స్వాములూ భక్తులూ వచ్చి చేతులతో రాళ్ళు మోసి మళ్ళీ నిలబెట్టినారు, ఇప్పుడు చూస్తే మీకు తెలియదు కూడా. పక్కనే రంగనాథ స్వామి, హనుమంతుడి గుళ్ళు ఉండాయి, అవీ చూడండి.

పోవాలంటే ఆనెగొంది ఘాట్ నుంచి పడవ. పొద్దున్నే పోవాల, అక్కడ నీడ లేదు, పదకొండు దాటితే బండ మీద కాలు పెట్టలేరు, చెప్పులు ఎట్లా విప్పాల్సిందే. మగవాళ్ళు పంచె కట్టుకుంటే మంచిది. బృందావనాల్ని తాకకూడదు, దూరం నుంచే ప్రదక్షిణ చేసుకోవాల, పాపకి ముందే చెప్పి పెట్టండి. సెల్‌ఫీలూ గట్టిగా మాట్లాడుకోవడం వద్దండీ, మాకు అది ప్రాణం ఉన్న చోటు, స్వాములు లోపల కూర్చుని జపం చేస్తా ఉన్నారనే నమ్ముతాం.

డ్యామ్ నుంచి నీళ్ళు ఎక్కువ వదిలితే పడవలు ఆపేస్తారు, అప్పుడు ఎంత బతిమాలినా పోనీయరు, పోకూడదు కూడా. డిసెంబర్‌లో మామూలుగా ఆ ఇబ్బంది ఉండదు.

తిండి ఇబ్బంది లేదు. జొన్న రొట్టె, వంకాయ కూర, శనగ చట్నీ పొడి. పొద్దున మిర్చి బజ్జీతో మండక్కి ఒగ్గరణె (మరమరాల తాలింపు), ఉగ్గాని తినే మా వైపు వాళ్ళకి సొంతింటి టిఫినే.

---

రాతి_పిచ్చి

హిరేబెణకల్ అడిగారు కాబట్టి ఆగలేక రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

గంగావతి నుంచి పడమర వైపు సుమారు 10 కిలోమీటర్లు. రోడ్డు పక్కన బండి ఆపి కొండ మీదికి నడవాలి, దారంతా గుండ్లూ ముళ్ళకంపలూ, అక్కడక్కడా చేతులు పెట్టి ఎక్కాలి. పైకి వెళ్ళాక ఒక్కసారిగా ఆ మైదానం కనిపిస్తుంది, పెద్ద పెద్ద రాతి పలకలు పేకముక్కల ఇళ్ళలాగా నిలబెట్టి పైన ఒక పలక కప్పి వరసలు వరసలుగా కట్టిన గదులు. సుమారు 400 కట్టడాలు లెక్కపెట్టారు, 2000 ఏళ్ళ పైబడినవి, ఇనుప యుగం వాళ్ళవి. కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషి నిలబడేంత. చాలా వాటికి ముందు పలకలో గుండ్రంగా కన్నం తొలిచి ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మోర్యర గుడ్డ అంటారు, మోర్యులనే పొట్టి మనుషులు కట్టుకున్న ఇళ్ళని కథ.

అక్కడే ఒక పెద్ద గుండు, అర్ధగోళం ఆకారంలో, ఇంకో బండ మీద కూర్చుని ఉంటుంది. దాన్ని కొడితే నగారా మోగినట్టే మోగుతుంది, చాలా దూరం వినిపిస్తుంది. చనిపోయినవాళ్ళని సాగనంపేటప్పుడు వాయించేవాళ్ళేమో, చుట్టూ ఉన్న సమాధులు చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది. దయచేసి రాయి తీసుకుని కొట్టొద్దు, చిప్పలు లేచిపోతాయి. అరచేత్తో తట్టి చెవి పెట్టి వినండి చాలు. పలకలు తీసిన చోట ఒక గుంట ఏర్పడి నీళ్ళు నిలుస్తాయి, అంటే క్వారీ, చెరువు, స్మశానం అన్నీ ఒకే చోట, ఇది చూశాక వాళ్ళని ఆదిమానవులు అనడానికి నాకు నోరు రాదు. అంత బరువు పలకలు లేపి నిలబెట్టి ఇన్ని వందల ఏళ్ళు పడిపోకుండా ఆనించడం తెలిసిన మనుషులండి.

మన హైదరాబాద్‌కీ దీనికీ పాత చుట్టరికం ఉంది. 1956 దాకా గంగావతి, కొప్పళ, రాయచూరు అన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోవే, నది అవతల హంపి మాత్రం 1953 దాకా మద్రాసు వాళ్ళ బళ్ళారి జిల్లాలో ఉండేది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 19వ శతాబ్దంలోనే ఈ సమాధుల గురించి రాశాడు. హంపికి 1986లోనే ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, హిరేబెణకల్ పేరు 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అక్కడ ఇంతకాలం ఒక్క కాపలా మనిషి కూడా లేకుండా పడి ఉన్న రాళ్ళు ఎన్నో, గొర్రెలు కాసేవాళ్ళు చూసుకున్నంత కూడా మనం చూసుకోలేదు. నిధుల కోసం తవ్వి పలకలు పడగొట్టినవి మీకే కనిపిస్తాయి.

మీ పాప విషయానికి వస్తే, పార్కుల్లో బాగా ఎక్కే దూకే పిల్ల అయితే వెళ్ళగలదు. తెల్లారగానే మొదలెట్టాలి, ఆ ఊరి నుంచి దారి తెలిసిన మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి, పైన దారులు చీలిపోతాయి. నీళ్ళు మోసుకెళ్ళాలి, పైన కొట్టు లేదు. అమ్మానాన్నలకి మాత్రం వద్దు, వాళ్ళని ఊళ్ళోనే ఉంచండి.

ఆనెగొంది పక్కనే ఒనకె కిండి అని ఇంకో చోటుంది, బండల మధ్య ఎర్ర, తెల్ల రంగుల్లో మనుషులూ పశువులూ వలయాలూ గీసిన బొమ్మలు. నడక తక్కువ, కానీ స్థానికుడు లేకుండా దొరకదు. తడి చెయ్యి పెట్టడం, బొమ్మ బాగా కనబడాలని నీళ్ళు చల్లి ఫొటో తీయడం ఎక్కడ చూసినా నాకు ఒళ్ళు మండుతుంది, ఎవరు చేస్తున్నా ఆపండి.

---

నీటికుక్క

నదిని మర్చిపోకండి. ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల తుంగభద్రని 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు, ఆనెగొంది సరిగ్గా ఆ మధ్యలోనే. పొద్దున్నే ఒడ్డున కదలకుండా కూర్చుంటే గుంపులుగా ఈదుకుంటూ చేపలు పట్టుకోవడం కనబడే అవకాశం ఉంది, గ్యారంటీ లేదు. బైనాక్యులర్స్ తెచ్చుకోండి. వలలు, డైనమైట్ పెట్టి చేపలు పట్టడం వీటికి పెద్ద దెబ్బ, అలాంటిది కంటపడితే ఫారెస్ట్ వాళ్ళకి చెప్పండి.

ఆ గుండ్ల కొండలు గ్రానైట్, సుమారు 250 కోట్ల ఏళ్ళవి. ఎవరూ పేర్చలేదు, పగుళ్ళ వెంట నీరూ ఎండా తిని తిని మూలలు అరిగి అలా ఒకదాని మీద ఒకటి మిగిలాయి. పాపకి ఇది చెప్తే స్కూల్లో చెప్పుకుంటుంది. టైముంటే హంపి సైడ్ దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం కూడా, సాయంత్రం వాచ్‌టవర్ మీంచి చూడొచ్చు.

---

అవతలి_ఒడ్డు

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. ఆదోని వదినగారూ, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించా, మంత్రాలయం ఖాయం అయిపోయింది. రాతిపిచ్చి అన్నా, హిరేబెణకల్ నేనూ పాపా వెళ్తాం, తోడు మనిషిని పెట్టుకుంటాం.

ఇంకో రెండు. అంజనాద్రి మెట్లు గురించి ఎవరూ చెప్పలేదు. నాన్న ఏమంటున్నారంటే హనుమంతుడు పుట్టిన అంజనాద్రి తిరుమలలో ఉన్నదే కదా, టీటీడీ వాళ్ళు కూడా చెప్పారు కదా, మళ్ళీ ఇక్కడేంటి అని. ఇంకా పాపకి నదిలో దిగాలని ఉంది, ఈత వచ్చు, సణాపుర దగ్గర రీల్స్‌లో అందరూ దూకుతున్నారు చూసి అడుగుతోంది. పర్లేదా?

---

ఆదోని_వదిన

మీ నాన్నగారి మాట నిజమే, 2021 శ్రీరామనవమికి టీటీడీ తిరుమల అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలం అని ప్రకటించింది, ఇక్కడి కిష్కింధ వాళ్ళు ఒప్పుకోలేదు, చర్చ కూడా పెట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం రెండు చోట్లా దండం పెట్టుకుంటాం. ఆయన ఎక్కడ పుట్టినా సుగ్రీవుడి దగ్గర మంత్రిగా ఉన్నది కిష్కింధలో, రాముణ్ణి కలిసింది పంపా తీరంలో, అది ఈ నేలే అని ఇక్కడి నమ్మకం. ఆ మాట నాన్నగారికి చెప్పి చూడండి.

మెట్లు సుమారు 575. సున్నం కొట్టి ఉంటాయి, మధ్యలో కూర్చోవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉంటే పంతానికి ఎక్కొద్దు, కింద నుంచి దండం పెట్టుకుని పంపా సరోవరం దగ్గర లక్ష్మీదేవి గుడికి పోండి, అక్కడ ప్రశాంతంగా కూర్చోవచ్చు. ఎక్కేవాళ్ళు సూర్యోదయానికి పైన ఉండండి, నది, వరి మళ్ళు, అవతల గోపురాలు ఒకేసారి కనపడతాయి. శనివారం మాత్రం వద్దు, జనం విపరీతం. చేతిలో కవర్లు ఉంటే కోతులు లాగేస్తాయి.

---

క్యాంపు_రైతుబిడ్డ

నదిలో దింపొద్దండి. ఈత వచ్చినా వద్దు, ఈ మాట గట్టిగా చెప్తున్నా.

పైకి నీళ్ళు నిలకడగా కనబడతాయి, కింద బండల మధ్య సందులు ఉంటాయి, కాలు ఇరుక్కుంటే లేదా లోపలి సుడి పట్టుకుంటే పెద్ద ఈతగాళ్ళు కూడా తేలరు. పైన డ్యామ్ ఉంది, కాలువలకీ నదికీ నీళ్ళొదిలినప్పుడు మట్టం ఎప్పుడు పెరుగుద్దో ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలీదు. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఒడ్డున ఊళ్ళన్నీ రాత్రంతా మేలుకునే ఉన్నాయి. మొసళ్ళు కూడా ఉన్నాయి. సణాపుర దగ్గర బండల మీంచి దూకి పోయిన పిల్లల వార్తలు మన పేపర్లోనే వచ్చాయి, వెతకడానికి వెళ్ళేది ఈ పుట్టిల వాళ్ళే, వాళ్ళ దగ్గర కూర్చుని ఒకసారి అడగండి, రీల్స్ ఎవరూ చూపించరు ఆ సంగతి.

పాపకి పుట్టి ఎక్కించండి, లైఫ్ జాకెట్ ఉన్న వాడి పుట్టే ఎక్కండి, గిరగిరా తిప్పమని అడిగితే తిప్పుతాడు, అది చాలు ఆ వయసుకి. నీళ్ళలో ఆడాలంటే పొలాల మధ్య చిన్న కాలువ దగ్గర కూర్చుని కాళ్ళు పెట్టుకోమనండి. ఈ చుట్టుపక్కల విజయనగరం కాలం నాటి కాలువల కింద ఇప్పటికీ వరీ అరటీ పండిస్తున్నారు, అవతలి ఒడ్డున తుర్తు కాలువ కూడా అలాంటిదే. గుళ్ళు పాడుబడ్డాయి గానీ రాయల కాలం వాళ్ళు తవ్విన కాలువ మాత్రం ఒక్క పంటకీ సెలవు తీసుకోలేదు, నా మటుకు ఇక్కడ పెద్ద కట్టడం అదే.

డిసెంబర్‌లో వస్తే కోతలు జరుగుతుంటాయి, రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, రాత్రిపూట కారు నెమ్మదిగా నడపండి. గంగావతి దాటాక ఏమైనా ఇబ్బంది అయితే ఇక్కడ మెసేజ్ పెట్టండి, చూసుకుంటాను.